మా పెద్దనాయిన సొట్ట గిలాస

మా పెద్దనాయిన పోయిన సంగతి నాకు కార్డు మీద తెలిసింది. జంతుశాస్త్రం ఆఖరి పరీక్ష రాసి, ఇక ఈ జన్మకు కప్పల పొట్ట కోసే పని లేదని సంబరపడుతూ హాస్టలుకు వచ్చిన మధ్యాహ్నం అది. వాచ్‌మన్ ఆ కార్డును చచ్చిన ఎలుకను తోక పట్టి తెచ్చినట్టు రెండు వేళ్ళతో తెచ్చి, గడప దాటకుండానే నిలబడి, "బయటికొచ్చి సదువుండ్రి సారూ, పైన అశుభం అని ఉన్నది" అన్నాడు.

రాసింది మా ఊరి బడిపంతులు. ఆయన దస్తూరి ముత్యాల వరుస కనుక చావు కబురు కూడా పెళ్ళి పత్రిక అంత అందంగా ఉంది. "మీ పెద్దనాయనగారు స్వర్గస్థులైనారు. తమ పరీక్షలు పూర్తి అయ్యేవరకు తెలుపరాదని వారి ఆజ్ఞ. ఎల్లుండి దినములు."

చదువరులు నన్ను క్షమించాలి. ఆ కార్డు చదివి నేను మొదట నవ్వాను. ఆజ్ఞ అట! మా పెద్దనాయిన తన బతుకులో గొర్లకు తప్ప ఎవరికీ ఆజ్ఞలు ఇచ్చి ఎరుగడు. గొర్లు కూడా వాటికి తోచినప్పుడే వినేవి. నవ్వు మధ్యలో ఆగిపోయింది. దసరా నుంచి ఆయనకు నేను ఒక పని బాకీ ఉన్నాను. పరీక్షలు కాగానే పోయి ఆ పని చేద్దామనుకున్నాను. నా పరీక్షలు అయ్యేదాకా ఆయన కార్డును ఆపగలిగాడు గాని, మిగతాదాన్ని ఆపడం ఆయన చేతిలో లేకపోయింది.

గతించిన పెద్దల గురించి రాసేవాళ్ళు వారి ముఖవర్చస్సుతో మొదలుపెట్టడం మర్యాద. నాకు ఇక్కడే చిక్కు వచ్చింది. మా పెద్దనాయిన ఎడమ చెంప కాలిన చెప్పు తోలులాగా ముడుచుకుపోయి ఉండేది. పెదవి మూల కిందికి గుంజుకుపోయి, ఏది తాగినా సగం లోపలికి, సగం గదవ మీదుగా, అంటే గడ్డం మీదుగా, బయటికి పోయేది. "నాకు రెండు నోర్లు బిడ్డా. ఒకటి తాగనీకి, ఒకటి కారనీకి" అనేవాడు. తాగడం పూర్తయ్యేదాకా తుడుచుకునేవాడు కాదు. మధ్యలో తుడిస్తే రెండుసార్లు పని అని ఆయన వాదం.

ఆయనకు వచ్చినదాన్ని మా కాలేజీలో క్యాన్సర్ అంటారు. మా దిక్కు రాచపుండు అంటారు. నిజానికి అనరు. ఆ మాట నోటికి తీసుకుంటే నోటికే వస్తుందని భయం. "ఫలానా ఆయనకు అదట" అని గొంతు తగ్గించి చెప్పుకుంటారు. మా ఊరు రామన్నపేటకు మూడు కోసుల దూరం. మేం గొర్లు కాసుకునేవాళ్ళం. పెద్దనాయిన మా నాయినకు అన్న. పెళ్ళయిన ఏడాదికే పెద్దమ్మ పోతే మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనియ్యకుండా మాతోనే ఉన్నాడు. మంద వెంట తిరిగేటప్పుడు తంబాకు, సున్నం కలిపి ఎడమ బుగ్గన పెట్టుకునేవాడు. పదేండ్ల కింద ఆ బుగ్గ లోపలనే పుండు లేచింది.

మా అవ్వ, అంటే వాళ్ళమ్మ, ఆయనను మొదట యాదగిరిగుట్టకు తోలింది. నలభై రోజులు గుట్ట మీద ఉండి ప్రదక్షిణలు చేశాడు. ఆ కథ ఆయన నోటనే వినాలి. "తిరిగిన బిడ్డా, తిరిగిన. నరసింహసామి సూసి సూసి, ఏందిరా ఇంకా నా సుట్టే తిరుగుతున్నవు, పట్నం దవాఖానకు పోరాదా అన్నడు. కలల గాదు, పూజారి నోటెంట అన్నడు."

గుట్ట నుంచి రాగానే పట్నం పోలేదు. ఆ మధ్యన నెలన్నర రోజులు గొర్ల కొట్టంలో ఉన్నాడు. ఇది అంటుకునే రోగమని ఎవరో చెప్పారు. అవ్వ ఆయనకు వేరే గిన్నె, వేరే గిలాస, వేరే చాప ఏర్పాటు చేసింది. జొన్న గటక గిన్నె తెచ్చి తడిక దగ్గర పెట్టి, కర్రతో లోపలికి తోసేది. దీన్ని చదివి మా అవ్వను రాక్షసి అనుకునేరు. గత్తర, అంటే కలరా, వచ్చిన ఏడు ఆమె ఒకే వారంలో ఇద్దరు పిల్లలను పోగొట్టుకుంది. అంటు అంటే ఏమిటో ఆమె నాలాగా పుస్తకంలో చదవలేదు. మిగిలిన పిల్లలను కాపాడుకునే ఉపాయం ఆమెకు ఒక్కటే తెలుసు. ఆ ఉపాయం తన పెద్దకొడుకు మీదనే వాడవలసి వచ్చింది.

ఆ నెలన్నర గురించి మా పెద్దనాయిన నవ్వులాట లేకుండా మాట్లాడిన మాట ఒక్కటే. "రోగమొచ్చిన గొర్రెను మంద నుంచి ఇడగొడ్తం. అది తప్పదు. కని దాని దాపున ఇంకొక్క గొర్రెను కట్టెయ్యాలె బిడ్డా. లేకుంటె అది రోగంతోని గాదు, మెయ్యక సస్తది. నేను మెయ్యలే."

చివరికి మా నాయిన అవ్వతో కొట్లాడి, ఆయనను భువనగిరిలో రైలెక్కించి పట్నంలో కరెంటు పెట్టే దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ పక్క మంచం మీద పాలమూరు దిక్కునుంచి వచ్చిన రాళ్ళు కొట్టే మేస్త్రి ఒకాయన ఉన్నాడు. ఆయనకు నాలుక మీద. ముద్ద ముద్దగా మాట్లాడేవాడట. మొదటి రోజే ఆ మేస్త్రి మా పెద్దనాయిన గిలాస అందుకుని, "నీ నీళ్ళు తియ్యగున్నయా నా నీళ్ళు తియ్యగున్నయా, సూడనియ్యి" అని గటగటా తాగేశాడట.

"నాకు అప్పుడు ఏడ్పొచ్చింది బిడ్డా. కరెంటు పెడితే రాలె, సూదులేస్తే రాలె. వాడు నా ఎంగిలి నీళ్ళు తాగితే వచ్చింది."

తర్వాత వాళ్ళిద్దరూ గిలాసలు మార్చుకున్నారు. మేస్త్రిది సత్తు గిలాస. ఎప్పుడో రాయి తగిలి ఒక పక్కన సొట్ట పడింది. మేస్త్రి ఆ మంచం మీదనే పోయాడు. మా పెద్దనాయిన ఇంటికి వచ్చాడు, కాలిన చెంపతో, సొట్ట గిలాసతో. ఆ గిలాసను గొంగడి మడతలో పెట్టుకుని తిరిగేవాడు. కొందరికి జేబుగడియారం ఉంటుంది చూడండి, అట్లా.

ఇక్కడి నుంచి మా పెద్దనాయిన ఒక పని పెట్టుకున్నాడు. దానికి పేరు లేదు. ఉంటే పంతులు కార్డు మీద రాసేవాడు. రామన్నపేట అంగడిలో గొర్ల బేరం చేస్తూ చేస్తూ, ఫలానా ఊళ్ళో ఫలానా ఆయనకు అదట అని చెవిన పడితే చాలు, ఆ శనివారం మందను మా నాయినకు అప్పజెప్పి ఆ ఊరికి నడిచేవాడు. పోయి ఏం చేసేవాడయ్యా అంటే, రోగి పక్కన కూర్చునేవాడు. రోగి గిలాసలో మిగిలిన సల్లో నీళ్ళో అడిగి, ఇంటిల్లిపాది చూస్తుండగా తాగేవాడు. తన చెంప మీదుగా కార్చుకుంటూ తాగేవాడు. అంతే మందు.

తగ్గుతది అని మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు. ఎట్లొచ్చింది అని అడిగేవాడు కాదు. ఏం తినబుద్ధయితాంది, ఎవరిని సూడబుద్ధయితాంది, ఈ రెండే అడిగేవాడు. ఇంటివాళ్ళు వాకిట్లోనే ఆపి, "రోగం పేరు చెప్పకు పెద్దమనిషీ, ఆయనకు తెల్వదు" అని చేతులు పట్టుకునేవాళ్ళు. దానికి ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. "అడిగితే చెప్త. అడగకపోతే అడిగిందాక కూసుంట."

ఆయన వెంట నేను ఒకసారి పోయాను. పి.యు.సి. సెలవులు. పోయింది మా పక్క ఊరి పట్వారి ఇంటికి. పట్వారి అంటే ఊరి భూములన్నీ ఆయన కలం కొసన ఉంటాయి. మేం ఆయన అరుగు కూడా ఎక్కేవాళ్ళం కాదు. ఆయనకు గొంతులో వచ్చింది. కొడుకులు ఆయనను పెరటి వసారాలోకి మార్చారు.

తలుపు కాడ కోడలు నిలబడి, "ఎవరు?" అన్నది.

"గొల్లోళ్ళమమ్మా. దొరను సూసి పోదామని."

"దూరంగ కూసొని మాట్లాడుండ్రి."

పట్వారి మంచంలో గోడ వైపు తిరిగి ఉన్నాడు. మెడకు గుడ్డ. గొంతు జల్లెడలో రాళ్ళు ఆడినట్టు వచ్చింది. "ఏమిరా, నా సావు సూడొచ్చినవా?"

"సావు సూడనీకి ఇంత పొద్దుగాలనా దొరా! సల్ల తాగొచ్చిన."

"లోపల అడుగు, పోస్తరు."

"లోపలిది గాదు. గదో, నీ గిలాసల మిగిలింది గద, గది."

కోడలు కొయ్యబారిపోయింది. ఆమె కష్టం నేను కళ్ళారా చూశాను. గొల్లవాడి ఎంగిలి మామగారికి మైల అవుతుందా, మామగారి రోగం గొల్లవాడికి అంటుకుంటుందా, రెండూ అయితే ముందు దేన్ని కడగాలి? శాస్త్రంలో దీనికి సమాధానం ఉన్నట్టు లేదు. ఆమె నోరు తెరిచేలోగా మా పెద్దనాయిన గిలాస ఎత్తాడు. సల్ల గదవ మీదుగా ఛాతీ మీదికి, అక్కడి నుంచి ధోవతి మీదికి.

పట్వారి ఇటు తిరిగాడు. "కారుతాందిరా."

"కారనియ్యి దొరా. నీ సొమ్మేం బోయింది, నా అంగీ."

పట్వారి నవ్వాడు. నవ్వితే గొంతు నొచ్చి దగ్గాడు, దగ్గుతూ మళ్ళీ నవ్వాడు. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అవి దగ్గు నీళ్ళేనని కోడలితో పాటు నేను కూడా నమ్మినట్టు మొహం పెట్టాను. కొంచెం ఆగి ఆయన చెయ్యి చాపాడు. "నీ గిలాస ఏదిరా?" సొట్ట గిలాసలో నీళ్ళు పోయించుకుని, ముప్పై ఏండ్లు మమ్మల్ని అరుగు కింద నిలబెట్టిన మనిషి, దాన్ని పెదవులకు ఆనించి తాగాడు.

ఆ తర్వాత ప్రతి శనివారం పెద్దనాయిన అక్కడికి పోయేవాడు. నాలుగో శనివారమో ఐదో శనివారమో పట్వారి అడిగాడట. "ఇంట్ల అందరు వేడి జేసింది అంటున్నరు. ఇది అదేనారా?"

"అదే దొరా."

పట్వారి, "హుజూర్‌నగర్ల మా చెల్లె ఉన్నది. మాటల్లేక పన్నెండేండ్లాయె. కొడుకులకు చెప్తే మీకు తగ్గినంక పోదాం అంటున్నరు" అన్నాడు. మా పెద్దనాయిన మరుసటి రోజే బస్సెక్కి హుజూర్‌నగర్ పోయి ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. దారంతా ఆమె, "మా అన్న నిన్ను పంపిండా? ఒక గొల్లాయనను?" అని అడుగుతూనే ఉన్నదట. "ఔనమ్మా, నేను తప్ప ఎవలు నిజం చెప్పలె గద" అన్నాడట ఈయన. అన్నాచెల్లెళ్ళు ఇరవై రోజులు కలిసి ఉన్నారు. ఆ తర్వాత పట్వారి పోయాడు.

ఇవన్నీ గెలుపు కథలేనని నేను రాస్తే మా పెద్దనాయిన లేచి వచ్చి ఈ కాగితం గొర్లకు వేస్తాడు. ఒక ఊళ్ళో కల్లు గీయడానికి తాళ్ళెక్కే పిల్లగాడు, ముప్పై నిండలేదు, నోట్లో పుండు లేచి పట్నం పోదామని బట్టలు సర్దుకున్నాడు. ఈయన ఎప్పటిలాగే పోయి కూర్చున్నాడు. ఆ పిల్లగాడు ఈయన చెంప చూసి బిగుసుకుపోయాడు. "కరెంటు పెడితే గిట్లయితదా? నేను గిట్లయితనా?" అన్నాడు. పట్నం పోలేదు. చెట్లు ఎక్కలేనంతగా అయ్యేదాకా ఊళ్ళోనే ఉండి, చచ్చిపోయాడు. అతని భార్య అంగడిలో ఎదురుపడి, "నీ మొగం సూయకుంటె పట్నం పోవునేమో" అన్నది. ఆమె తప్పేం లేదు. ఆనాటి నుంచి కొత్త ఇంటికి పోతే మా పెద్దనాయిన తలరుమాలు చెంప మీదుగా చుట్టుకునేవాడు. మొదటి గిలాస తాగేటప్పుడే విప్పేవాడు. ఒకసారి నేను, "ఏంది పెద్దనాయినా, కొత్త పెండ్లికూతురు లెక్క ముసుగేస్తున్నవు?" అన్నాను. ఆయన నవ్వలేదు. నేను వేసిన జోకుల్లో ఆయన నవ్వనిది అదొక్కటే అనుకునేవాణ్ణి. తర్వాత ఇంకొకటి కూడా తోడయింది.

జనం లెక్కలు వేసుకున్నారు. కొందరు బతికారు. మా ఊరి చాకలామె ఇప్పటికీ బండ మీద బట్టలు బాదుతూనే ఉంది. కాని ఎక్కువమంది పోయారు. ఆ గిలాసలో తాగినోళ్ళు ఉంటలేరు అనే మాట పుట్టింది. గిలాసలో తాగినందుకు పోలేదు, పోయేవాళ్ళే తాగారు అని ఎవరికి చెప్పాలి? అంగడిలో ఆయన గిలాస తీస్తే పక్కనున్నవాళ్ళు జరిగి కూర్చునేవాళ్ళు. ఆయన కూడా జరిగేవాడు, వాళ్ళకు ఇంకా జాగా ఇయ్యడానికి.

ఇంత తిరిగిన మనిషి గురించి నేను చాలా ఆలస్యంగా గమనించిన సంగతి ఒకటుంది. ఆయన అందరి గిలాసల్లో తాగాడు. ఆయన గిలాసలో రోగులు తప్ప ఇంకెవరూ తాగలేదు. మా ఇంట్లో కూడా. చెంప మానింది, కొట్టం నుంచి ఇంట్లోకి వచ్చాడు. మా అమ్మ వేడివేడిగా వండి పెట్టేది. మా నాయిన ఆయన పక్కలోనే పడుకునేవాడు. కాని ఆ గిలాస గూట్లో ఒక్కటే, వేరేగా, బోర్లించి ఉండేది. దాన్ని ఎవరూ ముట్టేవాళ్ళు కాదు, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆయనే కడుక్కునేవాడు. పదేండ్లు.

నిరుడు వానకాలంలో ఆయన గదవ కింద గడ్డ లేచింది. పట్నం తీసుకుపోతే డాక్టర్లు చూసి, ఇంటికి తీసుకుపోండి అన్నారు. ఆయనకు చావు ఫికర్ లేదు. ఫికరల్లా కొట్టం గురించే. "నాయినకు చెప్పు బిడ్డా, మళ్ల ఇడగొట్టొద్దని" అని నాకు పంతులు చేత కార్డు రాయించాడు. అది చేరేలోగానే పని అయిపోయింది. మా తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చిన్నవాళ్ళు. అవ్వకు మళ్ళీ గత్తర రోజులు కళ్ళ ముందుకు వచ్చాయి. మా నాయిన ఈసారి కొట్లాడలేదు. మంచం కొట్టంలో పడింది.

దసరాకు నేను ఊరికి పోయాను. ఇక్కడ నా ఘనత కొంచెం చెప్పుకోవాలి. అంతకు ముందు ఎండాకాలం సెలవుల్లో మా ఊరి బడిలో నేను ఈ జబ్బు మీద ఉపన్యాసం ఇచ్చి ఉన్నాను. ఇది అంటురోగం కాదు, ఒక గిలాసలో తాగితే రాదు, ఒక పక్కలో పడుకుంటే రాదు అని నల్లబల్ల మీద బొమ్మలు గీసి మరీ చెప్పాను. ముందు వరుసలో గొంగడి కప్పుకుని కూర్చున్నది మా పెద్దనాయిన. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది కూడా ఆయనే. బయటికి వచ్చి, "సదువంటె గిట్లుండాలె" అని దారిన పోయేవాళ్ళను ఆపి చెప్పాడు.

కొట్టంలోకి వంగి పోయాను. చిక్కిపోయి, గొంగడి కింద మనిషి ఉన్నట్టే లేడు. గడ్డ పగిలి కట్టు కట్టి ఉంది. వాసన. ఆయన నన్ను చూసి లేచి కూర్చున్నాడు. సొట్ట గిలాసలో సల్ల సగం ఉంది. తాను తాగగా మిగిలింది. ఎడమ చెంప నుంచి ఇంకా కారుతూనే ఉంది. రెండు చేతులతో దాన్ని నా వైపు చాపాడు.

"జర తాగు బిడ్డా."

తడిక అవతల అవ్వ నిలబడి చూస్తున్నది. నేను తాగాలి. తాగితే ఏమీ కాదని ఆ ఊళ్ళో నిలబడి చెప్పిన మొనగాణ్ణి నేను. పుస్తకం నాకు గుర్తుంది, పేజీ కూడా గుర్తుంది. చెయ్యి లేవలేదు. ఆ చెయ్యి బి.ఎస్సీ. చదవలేదు.

"వద్దు పెద్దనాయినా. బస్టాండుల మిరపకాయ బజ్జీలు తిన్న. కడుపుల జాగా లేదు, ఉన్న జాగా కిరాయికిచ్చిన" అన్నాను. నవ్వాను కూడా.

ఆయన నవ్వలేదు. గిలాసను ఒక్క క్షణం అట్లనే పట్టుకుని ఉన్నాడు. తర్వాత దాన్ని గొంగడి చాటుకు తీసుకుని, మిగిలిన సల్ల చప్పుడు కాకుండా గడ్డి మీద వంపేశాడు. ఖాళీ గిలాస పైకెత్తి, తడిక వైపు చూసి, తనకున్న గొంతంతా కూడదీసుకుని, "సూసినవానె అమ్మా? నా బిడ్డ తాగిండే!" అన్నాడు.

అవ్వ లోపలికి పోయింది. నా పరువు కాపాడటానికి ఆయన అబద్ధం ఆడాడా, లేక అవ్వ మనసు కరగడానికి ఆడాడా, నాకు తెలియదు. తగ్గుతది అని ఏ రోగికీ అబద్ధం చెప్పని మనిషి.

ఆ తర్వాత నేను ఊరికి పోలేదు. చదువు అన్నాను, ప్రాక్టికల్స్ అన్నాను. ఒక కార్డు రాశాను: "పరీక్షలు కాగానే వస్త, కుండెడు సల్ల తయారు పెట్టు, నీ గిలాసలోనే తాగుత." పంతులు చదివి వినిపిస్తే తలకింద పెట్టుకున్నాడట.

దినాల నాడు ఊరవతల ఆయనను మట్టిలో పెట్టిన చోట పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెడతాం, కాకి వచ్చి ముడితే ఆయనకు కొదవ లేదని లెక్క. గటక పెట్టారు, గొర్రె కూర పెట్టారు, ముంతలో కల్లు పెట్టారు. మా నాయిన అంగీ జేబులోంచి తంబాకు కూడా తీసి ఆకు మూలన పెట్టాడు. "ఏంది నాయినా, అదెందుకు?" అంటే, "ఆయనకు పాణం గదరా" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆకు పక్కన సొట్ట గిలాస నిండా సల్ల. "మళ్ల దాన్ని ఇంట్లకు తేవద్దు, ఈడనే ఇడిసిపెట్టాలె" అని అవ్వ ముందే చెప్పింది.

కాకి వచ్చింది. తుమ్మకొమ్మ మీద కూర్చుంది. కిందికి దిగలేదు.

మా నాయిన చేతులు జోడించాడు. "అన్నా, మందను అమ్ముకోను. నీ గొర్లు నా గొర్లే. ముట్టు అన్నా." కాకి ముక్కు కొమ్మకు రాసుకుంది. మా అమ్మ, "బావా, ఏమన్న తప్పు జేస్తె మనసుల పెట్టుకోకు" అన్నది. పంతులు గొంతు సవరించి ఏదో శ్లోకం అందుకుని సగంలో మరిచిపోయాడు. అవ్వ నేల మీద చతికిలబడి, "కొడకా, ఏం కొదవ జేసిన నీకు? చెప్పు కొడకా" అని అడిగింది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. కాకి కదలలేదు.

మా నాయిన నా భుజం తట్టాడు. "నువ్వంటె పాణమాయె. నువ్వడుగురా."

అందరూ నన్ను చూశారు. పెళ్ళిళ్ళలో, పంచాయితీల్లో నేను నోరు తెరిస్తే నవ్వడానికి సిద్ధంగా ఉండేవాళ్ళే వాళ్ళంతా. నేను కాకితో కాదు, అవ్వతో అన్నాను.

"అవ్వా, నేను తాగలే."

"ఏంది?"

"దసరకు. నా బిడ్డ తాగిండు అన్నడు గద. నేను తాగలే. భయపడ్డ. పారబోసి నీకు అట్ల చెప్పిండు."

నేను ముందుకు పోయి గిలాస తీసుకున్నాను. "అరేయ్, పిట్టకు పెట్టింది ముట్టొద్దురా!" అని మా నాయిన అరిచాడు. సొట్టలో నా బొటనవేలు సరిగ్గా కూర్చుంది. అది వేలు పెట్టుకునే చోటని ఆనాటి దాకా నాకు తెలియదు. సల్ల ఎండకు వెచ్చబడి పులిసింది. రెండు గుక్కలు తాగాను.

"తే ఇటు" అన్నది అవ్వ.

విసిరి కొడుతుందనుకున్నాను. ఆమె గిలాసను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు లోపలికి చూసింది. "పదేండ్లు" అన్నది, ఎవరితోనో. తర్వాత ఎత్తి తాగింది. ఆగకుండా, కిందికి దించకుండా, అడుగు దాకా తాగింది.

కాకి ముట్టిందా అని ఊళ్ళో అందరూ అడుగుతున్నారు. ముట్టిందని మా నాయిన చెప్తున్నాడు. నేను చూడలేదు. నేను అవ్వనే చూస్తున్నాను. పండ్లు లేని నోరు కదా, ఎడమ మూల నుంచి సల్ల కారి, గదవ మీదుగా మెడ మీదికి దిగుతున్నది. కొంగు ఆమె చేతిలోనే ఉంది. తుడుచుకోలేదు.